మేడమ్ మాట్లాడని 25 నిమిషాలు: ఒక లెక్కల క్లాసులో అంతరాయాలు తగ్గించిన అనుభవం

ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ రోజు చదరంగం బల్ల లెక్క ఇచ్చాను. బల్ల మీద మొత్తం ఎన్ని చతురస్రాలు ఉంటాయి? 64 అని అందరూ వెంటనే అంటారు. కానీ అవి చిన్న గళ్ళు మాత్రమే. ఒక్కో వైపు రెండేసి గళ్ళున్న చతురస్రాలు, మూడేసి గళ్ళున్నవి, అలా పెరుగుతూ చివరికి బల్ల మొత్తం ఒకటి, ఇవన్నీ కలపాలి. మూడో వరుసలో కూర్చునే ఒక అమ్మాయి తల ఎత్తకుండా చేసుకుంటోంది. పక్కకు వెళ్ళి చూశాను. 64 రాసింది, దాని కింద 49 రాసింది, 36 రాస్తోంది. ఇంకో అంకె రాస్తే ఇవన్నీ వర్గాలేనన్న సంగతి తనంతట తనకే తడుతుంది. నాకు సంతోషం ఆగలేదు. "వెరీ గుడ్, చాలా బాగా చేస్తున్నావు" అన్నాను. తల ఎత్తి నవ్వింది. మళ్ళీ పుస్తకం వైపు చూసింది. పెన్సిలు అలాగే పట్టుకుని కాసేపు ఆగి, "మేడమ్, ఏదో దొరికినట్టే అనిపించింది, పోయింది" అంది.

ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. పిల్లల ధ్యాస చెదురుతోందని నేను చాలా ఏళ్ళుగా బాధపడుతున్నాను. అప్పటిదాకా నా కోపమంతా తలుపు బయటి వాళ్ళ మీదే ఉండేది: సర్క్యులర్ పట్టుకొచ్చే అటెండర్, మైకులో వచ్చే ప్రకటనలు, చాక్‌పీసు అడగడానికి వచ్చే పక్క క్లాసు పిల్లలు. ఆ అమ్మాయి దారం తెంపింది మాత్రం వాళ్ళెవరూ కాదు, నేను. అదీ మెచ్చుకుంటూ.

తర్వాత 12 వారాలు ఆ ఒక్క క్లాసులో నేను చేసిన మార్పులు, వాటిలో పనిచేసినవి, పనిచేయనివి ఇక్కడ రాస్తున్నాను. క్లాసులో 36 మంది పిల్లలు. పీరియడ్ 45 నిమిషాలు. పోల్చి చూడటానికి ఇంకో సెక్షన్ పెట్టుకోలేదు కాబట్టి దీన్ని ఒక ఉపాధ్యాయురాలి అనుభవంగానే చదవండి.

లెక్కపెట్టిన వారం

ముందు ఏమీ మార్చకుండా లెక్క మాత్రం తీయాలనుకున్నాను. తోటి టీచర్ ఒకరిని బతిమాలి మూడు పీరియడ్లు వెనక బెంచీలో కూర్చోబెట్టాను. ఆమె చేతిలో ఒక కాగితం, దాని మీద మూడే గడులు: ఎప్పుడు, ఎవరి వల్ల, ఎంతమంది తలలు ఎత్తారు. పిల్లలు సొంతంగా పని చేసుకుంటున్నప్పుడు వచ్చే అంతరాయాలను మాత్రమే రాయమన్నాను. నేను పాఠం చెబుతున్నప్పుడు మధ్యలో ప్రశ్న అడిగితే అది అంతరాయం కాదు, పాఠంలో భాగమే.

మూడు పీరియడ్లలో ఎక్కువ సందడిగా ఉన్న రోజున 17 గీతలు పడ్డాయి. బయటి నుంచి వచ్చినవి నాలుగు. పిల్లల వల్ల వచ్చినవి ఐదు: నీళ్ళకు వెళ్ళొచ్చా, ఎన్నో పేజీ, పెన్సిలు చెక్కుకోవాలి, ఇలాంటివి. మిగిలిన ఎనిమిదీ నావే. "ఇంకా పది నిమిషాలే ఉంది." "యూనిట్లు రాయడం మర్చిపోకండి." "రెండో లెక్కలో చాలామంది ఒకే తప్పు చేస్తున్నారు, ఇటు చూడండి." ఒక్కో మాట విడిగా చూస్తే తప్పు పట్టేది ఏమీ లేదు. ప్రతి మాటకూ క్లాసులో సగానికి పైగా తలలు లేచాయని మా సహోద్యోగి రాసింది.

ఆ కాగితం చూశాక నాకు జేకబ్ కూనిన్ గుర్తొచ్చాడు. తరగతి గదులను వీడియో తీసి, టీచర్లు క్లాసును ఎలా నడుపుతారో ఓపిగ్గా గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త ఆయన. 1970లో తన పరిశీలనలను ప్రచురించాడు. పిల్లలు పనిలో ఉన్నారా, వినడానికి సిద్ధంగా ఉన్నారా అని చూసుకోకుండా టీచర్ ఉన్నట్టుండి తన మాటతో వాళ్ళ మధ్యలోకి దూసుకురావడానికి ఆయన ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు: థ్రస్ట్. బి.ఎడ్. రోజుల్లో పరీక్ష కోసం కంఠస్థం చేసిన మాట అది. అది నన్ను గురించిన మాటేనని ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది.

అంతరాయం చిన్నదే కదా, ఐదు సెకన్లలో ఏం పోతుంది అని స్టాఫ్ రూమ్‌లో కొందరు అడిగారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్ట్‌మన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం దీనికి నేరుగా జవాబు చెబుతుంది. ఒక వరుసలో చేయాల్సిన పనిని మధ్యమధ్యలో ఆపారు. సగటున 2.8 సెకన్ల అంతరాయానికే వరుస తప్పడం రెట్టింపయింది. 4.4 సెకన్లు ఆపితే మూడింతలయింది. లెక్క అంటే వరుస తప్పకుండా మెట్టు మీద మెట్టు ఎక్కడమే కదా. "యూనిట్లు మర్చిపోకండి" అనడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి పైకి అని చూసుకోండి.

ఒకసారి చెదిరితే మళ్ళీ కుదురుకోవడానికి 23 నిమిషాలు పడుతుందని ట్రైనింగుల్లో తరచుగా చెబుతుంటారు. అది ఆఫీసు ఉద్యోగులను గమనించి చెప్పిన మాట. వాళ్ళు మధ్యలో వేరే పనులు కూడా చేసి, ఆ తర్వాత మొదటి పనికి తిరిగొస్తారు. 13 ఏళ్ళ పిల్లకు, 45 నిమిషాల పీరియడ్‌కు ఆ అంకెను అతికించడం సరికాదని నా అభిప్రాయం. మన వాదన బలంగా ఉన్నప్పుడు అరువు అంకెలు అక్కర్లేదు.

తలుపు

బయటి అంతరాయాలు నేను అనుకున్నదానికంటే తేలిగ్గా తగ్గాయి. తలుపుకు బయటి వైపు ఒక అట్ట సంచీ వేలాడదీశాను. సర్క్యులర్ ఏదైనా అందులో వేసి వెళ్ళాలి, పీరియడ్ అయ్యాక నేనే చూసుకుంటాను. సంతకం వెంటనే కావాలంటే మొదటి పది నిమిషాల్లో గానీ చివరి పది నిమిషాల్లో గానీ రమ్మన్నాను. ఆలస్యంగా వచ్చే పిల్లలు ఎవరినీ అడగకుండా వెనక తలుపు నుంచి వచ్చి చివరి బెంచీలో కూర్చుంటారు.

ప్రకటనల విషయంలో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడాల్సి వచ్చింది. ఆయనకు చూపించింది బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన మాథ్యూ క్రాఫ్ట్, మాన్యువెల్ మాంటీ-నుస్‌బామ్ 2021లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరం ప్రభుత్వ బడుల్లో ఒక మామూలు తరగతి గదికి బయటి నుంచి ఏడాదికి 2,000కు పైగా అంతరాయాలు వస్తున్నాయని వాళ్ళు అంచనా వేశారు. ఆ అంతరాయాలు, వాటి తర్వాత రేగే అలజడి కలిపితే 10 నుంచి 20 రోజుల చదువు పోతోంది. ఇవి ఎన్ని వస్తున్నాయో, ఎంత నష్టం చేస్తున్నాయో అధికారులు తక్కువగా అంచనా వేస్తున్నారని కూడా అందులో ఉంది. ఆ చివరి మాట ఆయన రెండుసార్లు చదివారు. అత్యవసరం కానివన్నీ రోజుకు ఒకేసారి, చివరి పీరియడ్ ముగిసే ముందు చదువుదామని ఒప్పుకున్నారు. ఆ మాట పరీక్షల వారంలో తప్ప నిలబడింది.

నా నోరు

అసలు కష్టం ఇక్కడే. పీరియడ్‌ను మూడు ముక్కలు చేశాను. మొదటి 10 నిమిషాలు నేను చెబుతాను. తర్వాత 25 నిమిషాలు పిల్లలు చేస్తారు, నేను క్లాసు మొత్తాన్ని ఉద్దేశించి ఒక్క మాట కూడా మాట్లాడను. చివరి 10 నిమిషాలు అందరం కలిసి మాట్లాడుకుంటాం, అప్పుడు ఎంత గోల అయినా ఫరవాలేదు. అలవాటు పడేదాకా మొదటి వారం 25కు బదులు 15 నిమిషాలే పెట్టుకున్నాను.

నోరు మూసుకుని ఉండాలి అని గట్టిగా అనుకుంటే సరిపోదని మొదటి రోజే తెలిసింది. అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏదైనా చెప్పాలనిపిస్తే చెప్పకుండా అందులో రాయాలి. మొదటి రోజు ఆ 15 నిమిషాల్లో 11 మాటలు రాశాను. చివర్లో ఒక్కొక్కటీ చదువుకుంటూ, ఇది ఇంకా చెప్పాల్సిన అవసరం ఉందా అని చూసుకున్నాను. తొమ్మిదింటికి అవసరం లేకపోయింది. కొన్ని తప్పులను పిల్లలే చూసుకుని దిద్దుకున్నారు. కొన్ని మాటలైతే అసలు పిల్లల కోసం కానే కావు. ఊరికే కూర్చుంటే పాఠం చెప్పడం లేదేమో అనే నా టెన్షన్ తీరడానికి చెప్పాలనిపించినవి.

మిగిలిన రెండింటిలో ఒకటి మాత్రం అప్పటికప్పుడు చెప్పాల్సింది. నేనిచ్చిన కాగితంలోనే ఒక అంకె తప్పు పడింది. నియమం పెట్టుకున్నాను కదా అని ఆపుకున్నాను. ఆ లెక్క దగ్గర సగం మంది పిల్లలు తిప్పలు పడ్డారు. అది నా పొరపాటు. అప్పటి నుంచి తప్పు నాదై, అందరికీ తగిలేదైతే, మాట లేకుండా బోర్డు మీద సరిచేసిన అంకె రాసి చుట్టూ గీత గీస్తున్నాను. ఎవరికి అవసరమో వాళ్ళు తల ఎత్తి చూసుకుంటారు.

పిల్లల డౌట్ల కోసం ఒక్కొక్కరికీ మడతపెట్టిన అట్టముక్క ఇచ్చాను. ఒక వైపు ఖాళీ, రెండో వైపు ప్రశ్న గుర్తు. డౌట్ వస్తే చెయ్యెత్తి "మేడమ్" అని పిలవకుండా ప్రశ్న గుర్తు నాకు కనిపించేలా పెట్టి, ఈలోపు ఇంకో లెక్క మొదలుపెట్టాలి. నేను వచ్చి పక్కన వంగి మెల్లగా మాట్లాడతాను. చెయ్యెత్తి ఎదురుచూసే పిల్ల చెయ్యి నొప్పి పెట్టేదాకా ఏ పనీ చేయదు. అట్టముక్క పెట్టిన పిల్ల నేను వెళ్ళేసరికి చాలాసార్లు దాన్ని తనే తిప్పేసి ఉండేది. ఎందుకు తిప్పావంటే "వచ్చేసింది మేడమ్" అనేవారు. ఇది నేను ఊహించని లాభం.

నిశ్శబ్దం వచ్చాక బయటపడింది

రెండో వారానికి క్లాసు ప్రశాంతంగా ఉంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. అప్పుడు మా సహోద్యోగి మళ్ళీ వెనక కూర్చుని ఒక మాట అంది: "నిశ్శబ్దంగా ఉన్నారు, కానీ పనిలో లేరు." నిజమే. చురుకైన పది మంది ఎనిమిది నిమిషాల్లో అన్ని లెక్కలూ ముగించి కిటికీ వైపు చూస్తున్నారు. ఇంకో పది మంది మొదటి లెక్క దగ్గరే ఆగి, పక్కవాళ్ళ పుస్తకం వైపు చూస్తున్నారు.

పనిలో పూర్తిగా లీనమయ్యే స్థితికి ఫ్లో అనే మాటను వాడుకలోకి తెచ్చిన మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1970ల నుంచీ చెప్పింది ఇదే. మనిషి పనిలో లీనమై టైము మరిచిపోవాలంటే ఏం చేయాలో స్పష్టంగా తెలియాలి, చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో ఎప్పటికప్పుడు తెలియాలి, పని తన శక్తికి సమానంగానో కాస్త మించో ఉండాలి. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే భయం. అంతరాయాలు లేకపోవడం దీనికి దారి మాత్రమే ఇస్తుంది. నడవడానికి ఎక్కడికో వెళ్ళేది ఉండాలి కదా. 2003లో ఆయన, డేవిడ్ షెర్నాఫ్ మొదలైనవాళ్ళు కలిసి 526 మంది హైస్కూలు విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో కూడా పాఠం వింటున్నప్పటి కంటే సొంతంగానో, గుంపుగానో పని చేస్తున్నప్పుడు పిల్లలు ఎక్కువ లీనమయ్యారు. సవాలు, నైపుణ్యం రెండూ ఎక్కువగా, సమతూకంగా ఉన్నప్పుడు అది ఇంకా బాగా కనిపించింది.

అందుకని పది వేర్వేరు లెక్కలున్న కాగితాలు మానేశాను. ఒకే ప్రశ్న ఇవ్వడం మొదలుపెట్టాను, కానీ ఎవరైనా మొదలుపెట్టగలిగేది, ఎవరికీ 25 నిమిషాల్లో అయిపోనిది. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఇది: ఏయే సంఖ్యలను వరుస సహజ సంఖ్యల మొత్తంగా రాయగలం? ఉదాహరణకు 15 తీసుకోండి. 7+8 అవుతుంది. 4+5+6 కూడా అవుతుంది. 1+2+3+4+5 కూడా అవుతుంది. మరి 16?

ఈ ప్రశ్న మీద నాకున్న ఇష్టానికి కారణం చెప్పాలి. కూడిక వస్తే చాలు, క్లాసులో అందరికంటే వెనకబడిన పిల్ల కూడా మొదలుపెడుతుంది. చేసింది సరైనదో కాదో కూడి చూసుకుంటే తనకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు. 1 తప్ప బేసి సంఖ్యలన్నీ రెండు వరుస సంఖ్యలుగా విడిపోతాయని ఐదు నిమిషాల్లో కొందరు కనిపెడతారు. ఇంకాసేపటికి 1, 2, 4, 8, 16 మాత్రం ఎంత ప్రయత్నించినా లొంగడం లేదని గమనిస్తారు. అక్కడి నుంచి ఎందుకు లొంగవు అనే ప్రశ్న మొదలవుతుంది. అది ఎనిమిదో తరగతికి నిజంగా పెద్ద కొండే. చురుకైన పది మందిలో ఒక్కరు కూడా ఆ రోజు కిటికీ వైపు చూడలేదు.

అంతకుముందు ఒక అబ్బాయి ఉండేవాడు, ప్రతి మెట్టుకూ పుస్తకం ఎత్తి చూపిస్తూ "మేడమ్, కరెక్టేనా?" అని అడిగేవాడు. వాడిని పట్టుదల లేని పిల్లాడనుకున్నాను. తన జవాబును తనే సరిచూసుకోగల ప్రశ్న ఇచ్చిన రోజు వాడు ఒక్కసారి కూడా అడగలేదు. సరిచూసుకునే దారి నేను చూపించలేదు కాబట్టే ప్రతిసారీ నా దగ్గరికి రావాల్సి వచ్చింది.

మరియా మాంటిస్సోరి రాసిన ఒక సంగతిని నేను ఈ రోజుల్లో చాలాసార్లు తలుచుకున్నాను. 1907లో రోమ్‌లో ఆమె మొదటి బాలల గృహం తెరిచారు. సుమారు మూడేళ్ళ పాప ఒకతె చెక్కలోని రంధ్రాల్లో గుండ్రటి కొయ్య దిమ్మలు అమర్చుతూ, తీస్తూ ఉంది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టినా ఆపలేదు. మాంటిస్సోరి లెక్కపెడితే 44 సార్లు చేసింది. తర్వాత తనంతట తనే ఆపి, హాయిగా నిద్ర లేచినట్టు చుట్టూ చూసింది. దీన్ని చదివి, లీనమైన పిల్లను ఎవరూ కదిలించలేరు కదా అని కొందరంటారు. అంత లోతుకు చేరాక కదిలించలేకపోవచ్చు. మా పిల్లల ఇబ్బందంతా అక్కడికి చేరేలోపే.

మౌనం పనికిరాని పిల్లాడు

ఆరో వారంలో పుస్తకాలు దిద్దుతుంటే ఒక అబ్బాయి పుస్తకం దగ్గర ఆగిపోయాను. చాలా శుభ్రంగా ఉంది. మార్జిన్లు గీశాడు, ప్రశ్నను అందంగా రాశాడు, దాని కింద మళ్ళీ రాశాడు. జవాబు వైపు ఒక్క అడుగూ లేదు. రెండు వారాలుగా వాడు తల వంచుకుని రాసుకుంటుంటే ఎంత బాగా లీనమయ్యాడో అనుకున్నాను. కూర్చోబెట్టి మాట్లాడితే, ప్రశ్న చదివి అర్థం చేసుకోవడమే వాడికి కష్టమని తెలిసింది. ఇంతకుముందు నేను మధ్యమధ్యలో గట్టిగా చెప్పే మాటలే వాడికి ఊతకర్రలు. మిగిలినవాళ్ళ మంచి కోసం వాటిని తీసేసి, వాడిని ఒంటరిగా వదిలేశాను.

అప్పటి నుంచి ఆ 25 నిమిషాల్లో మొదటి మూడు నాలుగు నిమిషాలు వాడి కోసం. నా టేబుల్ దగ్గరికి వస్తాడు, ఇద్దరం కలిసి ప్రశ్న చదువుతాం, తన మాటల్లో తిరిగి చెబుతాడు, మొదటి అడుగు నా ఎదుటే వేస్తాడు, ఆ తర్వాత వెళ్ళి చేసుకుంటాడు. ఇలాంటి పిల్లలు ఇంకో ముగ్గురు తేలారు. క్లాసు నిశ్శబ్దంగా ఉందని సంతోషించే ప్రతి టీచరూ ఆ వారం పుస్తకాలు తెరిచి చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తల వంచుకుని కూర్చోవడం, లీనమవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి.

ఎదురైన అభ్యంతరాలు

ఒకరోజు వరండాలో వెళ్తున్న హెడ్‌మాస్టర్ ఆగి, "పిల్లలు రాసుకుంటున్నారు, మీరు కూర్చున్నారు, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఆయన అడిగిన తీరులో దయ ఉంది, అనుమానమూ ఉంది. మర్నాడు పీరియడ్ మొత్తం కూర్చోమని పిలిచాను. వచ్చారు. చివరి పది నిమిషాల్లో పిల్లలు బోర్డు దగ్గర వాదించుకోవడం విన్నాక ఆయన ఏమీ అనలేదు, కానీ సిలబస్ వెనకబడకుండా వారంలో మూడు రోజులే ఇలా చేయమన్నారు. నిజానికి మూడు రోజులే సరిపోతాయని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. కొత్త భావన మొదటిసారి చెప్పే రోజున పిల్లలు మధ్యలో ఆపి అడగాలి, నేనూ ఆపి అడగాలి. ఆ రోజు మౌనం పెట్టుకుంటే తప్పు అర్థంతోనే 25 నిమిషాలు సాధన చేసినట్టవుతుంది.

12 వారాల తర్వాత

12వ వారంలో మా సహోద్యోగి మళ్ళీ అదే కాగితంతో కూర్చుంది. గీతలు ఐదు: బయటి నుంచి ఒకటి, పిల్లల వల్ల మూడు, నా వల్ల ఒకటి. ఆ ఒక్కటి ఏమిటో కూడా రాసింది. టైము అయిపోవస్తోందని నేను చప్పట్లు కొట్టాను.

అంతరాయాలు తగ్గినంత మాత్రాన పిల్లలు లీనమవుతున్నారని చెప్పలేం. అందుకే పీరియడ్ చివర అప్పుడప్పుడూ ఒక చీటీ ఇచ్చేదాన్ని, పేరు రాయక్కర్లేదు. టైము త్వరగా గడిచిందా, మామూలుగానా, నెమ్మదిగానా, ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి. మొదట్లో నెమ్మదిగా అన్నవే ఎక్కువ. ప్రశ్నలు మార్చాక త్వరగా అన్నవి పెరిగాయి. కానీ అందరివీ ఎప్పుడూ అలా రాలేదు. మ్యాచ్ ఉన్న రోజున, పరీక్ష మార్కులు ఇచ్చిన రోజున ఏం చేసినా కుదురు రాదు. దానికి నా దగ్గర ఉపాయం లేదు, ఆ రోజుల్లో గుంపుగా కూర్చుని మాట్లాడుకునే పని ఇస్తున్నాను.

ఇప్పటికీ మిగిలిపోయిన అంతరాయం బెల్లు. పిల్లలు మంచి పట్టులో ఉన్నప్పుడే అది మోగుతుంది, వెంటనే ఇంకో సబ్జెక్టు. సగంలో వదిలిన పని తాలూకు ధ్యాస కొంత అక్కడే చిక్కుకుపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో వదిలే ముందు క్లుప్తంగా రాసుకుంటే ఆ చిక్కు తగ్గుతుందని 2018లో థెరెసా గ్లాంబ్‌తో కలిసి రాసింది. అందుకని చివర్లో చప్పట్లకు బదులు బోర్డు మీద ఒక చుక్క పెడుతున్నాను. చుక్క చూసినప్పుడు ఎక్కడ ఆగారో, రేపు ఏం చేయాలో ఒక వాక్యం రాసుకోవాలి.

మొన్న వరుస సంఖ్యల ప్రశ్న మధ్యలో బెల్లు కొట్టింది. సాయంత్రం పుస్తకాలు చూస్తుంటే చదరంగం బల్ల లెక్క దగ్గర నేను కదిలించిన అమ్మాయి పుస్తకం వచ్చింది. కింద పెన్సిలుతో రాసి ఉంది: "సరి సంఖ్యలు రావేమో అనుకున్నా. 6 వచ్చింది, 10 వచ్చింది. 4, 8 రాలేదు. రేపు 12 నుంచి."